చూసింది చూసినట్టు చెప్పాలంటే

ఏటా కొత్త విద్యార్థులకు ఫోరెన్సిక్ పాఠాలు మొదలుపెట్టిన వారంలో, నేను బోర్డు మీద రాస్తుండగా ముక్కూ మొహం తెలియని మనిషి ఒకతను తరగతిలోకి వచ్చి, నా బల్ల మీది స్టీలు క్యారియర్ తీసుకుని వెళ్ళిపోతాడు. అతన్ని రప్పించేది నేనేనని పిల్లలకు తెలియదు. పదకొండు సెకన్ల పని. సగం మందికి అక్కడికక్కడే కాగితాలిచ్చి, నోరు విప్పకుండా రాయమంటాను. మిగతావారిని వరండాలో అయిదు నిమిషాలు మాట్లాడుకోనిచ్చి తరవాత రాయిస్తాను.

పోయినేడు వరండాలో ఒకబ్బాయి "గళ్ళ చొక్కా కదూ!" అన్నాడు. ఆ జట్టులో చాలామంది గళ్ళ చొక్కా అనే రాశారు. వచ్చినతను తొడుక్కున్నది సాదా బూడిదరంగు చొక్కా. లోపల కూర్చుని రాసినవారిలో ఒక్కరికీ గళ్ళు కనిపించలేదు. వారిలో ఒకమ్మాయి ఇలా రాసింది: "చొక్కా గుర్తు లేదు. గుమ్మం దాటుతున్నప్పుడు తలకూ ద్వారబంధానికీ మధ్య జానెడు ఎడం ఉంది. క్యారియర్ ఎడమ చేత్తో తీశాడు." గుమ్మం కొలిస్తే ఎత్తు తెలిసిపోతుంది. ఆ కాగితం దాచుకున్నాను.

దీని మీద నాకింత పట్టుదల ఎందుకంటే, చాలా ఏళ్ళ క్రితం కూరగాయలమ్మే ఆవిడను ఒక బండి గుద్ది వెళ్ళిపోవడం కళ్ళారా చూశాను. ఎర్ర బండి అని పోలీసులకు చెప్పాను. ఆ మాట నాకంటే ముందు పక్కనున్నాయన అన్నాడు. నాకు ఎరుపు కనిపించింది నిజమే, కానీ అది హెల్మెట్ రంగు. బండి నలుపు. సీసీ కెమెరా దృశ్యాలు దొరికేలోగా ఎర్ర బండి ఉన్న ఒక కుర్రాడు రెండు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగాడు. ఆ అబ్బాయి తల్లి మొహం నేను మరచిపోలేదు.

కళ్ళముందు ఏదైనా జరుగుతున్నప్పుడు, ముందు మీ ప్రాణం చూసుకోండి. వీలుంటే, మార్చుకోలేని వాటిని పట్టుకోండి: చెవులు, మచ్చ, నడక, చేతివాటం. చొక్కా మలుపు తిరిగేలోగా మార్చేయవచ్చు. ఎత్తును అంకెల్లో ఊహించవద్దు, పక్కనున్న గుమ్మంతోనో ఆటోతోనో పోల్చండి. ఎదుటివాడి చేతిలో కత్తి ఉంటే చూపు దాని మీదే నిలిచిపోయి మొహం సరిగా నమోదు కాదు. అది ఎవరికైనా జరిగేదే, కాబట్టి తరవాత "మొహం సరిగా చూడలేదు" అనడానికి సంకోచించకండి.

అసలు పని ఆ తరవాతి గంటలో ఉంది. గాయపడినవారికి సాయం అందగానే గుంపులోంచి పక్కకు రండి. ఎవరితోనూ చర్చించకముందే కాగితం తీసి సమయం, మీరు నిలబడిన చోటు, ఎంత దూరం, వెలుతురు ఎటునుంచి పడుతోందీ రాయండి. చిన్న పటం గీయండి. జరిగింది మొదటినుంచి చివరిదాకా ఒకసారి, చివరినుంచి వెనక్కి ఇంకోసారి రాయండి. వెనక్కి వస్తుంటే మొదట జారిపోయినవి కొన్ని తగులుతాయి. చూసింది, విన్నది, అనుకున్నది వేరువేరుగా ఉంచండి. "తాగి ఉన్నాడు" అన్నది మీ ఊహ, "రెండుసార్లు తూలాడు" అన్నది మీరు చూసింది. ఎంతసేపు జరిగిందో చెప్పడం కష్టం. భయంలో సెకన్లు నిమిషాల్లా తోస్తాయి. అతను ఎన్ని అడుగులు వేశాడో రాయండి చాలు. చూడనివి కూడా రాయండి. అన్నీ రాశాక తేదీ వేసి సంతకం చేయండి. కోర్టులో జ్ఞాపకం తెచ్చుకోవడానికి, అప్పటికప్పుడు రాసుకున్న కాగితాన్ని చూసుకునే వీలును సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 162వ సెక్షన్ ఇస్తోంది. అవతలి న్యాయవాది దాన్ని అడిగి చూడవచ్చు కాబట్టి అందులో నగిషీలు పెట్టవద్దు.

పోలీసులు అడిగినప్పుడు "ముందు నా మాటల్లో మొత్తం చెబుతాను, తరవాత ప్రశ్నలు వేయండి" అని మర్యాదగా కోరండి. ప్రశ్నలోని ఒక్క మాట జ్ఞాపకాన్ని మార్చేయగలదు. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి వేగం అడిగారు. కార్లు "తగిలినప్పుడు" అని అడిగితే ఒక అంకె, "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అని అడిగితే అంతకంటే పెద్ద అంకె వచ్చింది. ఇలాగే చేసిన మరో ప్రయోగంలో వారం తరవాత పగిలిన గాజు చూశారా అని అడిగితే, ఫిల్ములో గాజే లేకపోయినా, మొదటి మాట విన్నవారికంటే రెండో మాట విన్నవారిలో ఎక్కువమంది చూశామన్నారు.

గుర్తింపు పరేడ్‌కు, అంటే నిందితుణ్ణి మరికొందరితో కలిపి వరసలో నిలబెట్టి గుర్తుపట్టమనడానికి, పిలిస్తే మరింత జాగ్రత్త అవసరం. ముందే టీవీలోగానీ ఫోనులోగానీ నిందితుడి ఫొటో చూస్తే, మీరు గుర్తుపట్టేది ఆ ఫొటోనే. చూసి ఉంటే మేజిస్ట్రేటుకు చెప్పేయండి. వరసలో అసలు మనిషి లేకపోవచ్చు. అందరిలో దగ్గరగా ఉన్నవాణ్ణి ఎంచడం గుర్తుపట్టడం కాదు. అమెరికాలో 1984లో నార్త్ కరొలైనాలో ఒక బాధితురాలు, బతికితే పట్టించాలని దుండగుడి మొహాన్ని పట్టిపట్టి చూసింది. ఫొటోల్లోనూ వరసలోనూ రొనాల్డ్ కాటన్‌ను చూపించింది. ఇద్దరూ ఒకరేనని పోలీసులు అనడంతో ఆమె నమ్మకం ఇంకా గట్టిపడింది. పదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాక 1995లో డీఎన్‌ఏ పరీక్ష అతన్ని విడిపించింది. అసలు దోషి మధ్యలో ఒకసారి కోర్టులో ఆమె ఎదుటకు వచ్చాడు. ఆమె గుర్తుపట్టలేదు. ఆమె అబద్ధమాడలేదు, శ్రద్ధ తక్కువా కాలేదు. అందుకే మా పిల్లలతో, ఎంత నమ్మకంగా ఉన్నారో మొదటిసారి ఎంచిన క్షణంలోనే, ఎవరూ "సరే" అనకముందే చెప్పమంటాను.

సాధన చేయాలంటే రేపు బస్సులో కండక్టరును పది సెకన్లు చూడండి. రాత్రి ఇంట్లో రాయండి. మర్నాడు అదే బస్సెక్కి కాగితం పక్కన పెట్టి చూసుకోండి. తప్పయినవాటిని కొట్టేయకండి, పక్కన సరైనది రాయండి.