బెర్లిన్ దాటించే లిఫ్ట్ దొరకడం లేదా? ముందు నిలబడ్డ చోటును పరీక్షించండి

బెర్లిన్ చుట్టూ ఏ10 అనే రింగ్ ఆటోబాన్ (జర్మనీ ఎక్స్‌ప్రెస్‌వే) ఉంది. పొడవు సుమారు 196 కిలోమీటర్లు. మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లే. దూర ప్రాంతాలకు పోయే ఆటోబాన్లు ఈ రింగు నుంచే చీలతాయి: హానోవర్ వైపు ఏ2, మ్యూనిక్ వైపు ఏ9, హాంబుర్గ్ వైపు ఏ24, పోలండ్ సరిహద్దుకు ఏ12, డ్రెస్డెన్‌కు ఏ13. లిఫ్ట్ అడిగేవాళ్ల తిప్పలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. రింగు లోపల మీ ముందునుంచి పోయే బండ్లలో ఎక్కువ భాగం నాలుగు వీధుల అవతల ఆగేవే. కింద ఒక్కో ఇబ్బందిని, దాని కారణాన్ని, దిద్దుకునే దారిని చెప్తున్నాం. పేర్లు బెర్లిన్‌వి. పద్ధతి మాత్రం యూరప్‌లో ఏ పెద్ద నగరానికైనా పనికొస్తుంది.

సమస్య: కార్లు వరదలా పోతున్నాయి, గంటైనా ఒక్కటీ ఆగలేదు

దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. ఏది మీదో తెలియాలంటే డ్రైవర్లను గమనించండి. వేలితో కిందికో పక్కకో చూపిస్తూ పోతున్నారంటే "ఇక్కడిదాకే, దగ్గరలోనే తిరిగిపోతా" అని అర్థం. అంటే మీరు స్థానిక రద్దీలో నిలబడ్డారు. అలా కాకుండా, మిమ్మల్ని దాటాక తల తిప్పి చూస్తున్నారంటే మీరు వాళ్లకు ఆలస్యంగా కనబడుతున్నారు.

మొదటి కారణానికి ఆ చోట మందు లేదు, చోటు మార్చాల్సిందే. మ్యాప్‌లో ఏ115 ఫంక్‌టూర్మ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి కొత్తవాళ్లు నేరుగా అక్కడికి పోతారు. అది నగరం మధ్యలో ఉన్న కూడలి. అక్కడ బండి ఆపడానికి జాగా ఉండదు, దూరం పోయే బండిని వేరుచేసి పట్టుకునే వీలూ ఉండదు. దాని బదులు ఎస్1 లేదా ఎస్7 నగర రైలు ఎక్కి నికొలాసే స్టేషన్‌లో దిగండి. ఏబీ జోన్ టికెట్ (నగరం లోపలి టికెట్) చాలు. అక్కడినుంచి కొద్దిపాటి నడకలో రాస్ట్‌స్టెట్ గ్రూనెవాల్డ్ వస్తుంది. ఇది ఏ115 పక్కన, నగరం దాటిపోయే దిశలో ఉన్న పెట్రోల్ బంక్. స్థానిక రోడ్డు మీదుగా నడిచి లోపలికి వెళ్లొచ్చు, ఆటోబాన్ మీద కాలు పెట్టే పని లేదు. ఈ ఏ115 ముక్కనే ఆవుస్ అంటారు. 1921లో తెరిచినప్పుడు ఇది కార్ల రేసుల ట్రాక్. ఇప్పుడు మాత్రం దక్షిణానికి, పడమరకు పోయేవాళ్లు ఊరు దాటే దారి.

రెండో కారణానికి లెక్క ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు దాదాపు 14 మీటర్లు కదులుతుంది. డ్రైవర్ మిమ్మల్ని చూసి, మీ చేతిలోని అట్ట మీద రాసిన ఊరి పేరు చదివి, మనసు కుదుర్చుకుని, అద్దంలో వెనక చూసుకుని ఆపడానికి ఆరు సెకన్లు పడుతుందనుకోండి. అంటే మీరు కనీసం 80 మీటర్ల ముందునుంచే కనబడాలి. చెట్టు కొమ్మ, ఆగి ఉన్న వ్యాను, మలుపు, వంతెన నీడ, ఏదైనా ఈ 80 మీటర్లను తినేస్తుంది. బండి ఆగడానికి మీకు అవతల రెండు కార్ల జాగా, అంటే సుమారు 15 మీటర్లు, ఖాళీగా ఉండాలి. జాగా మొదట్లో నిలబడండి, బండి మిమ్మల్ని దాటి ముందు ఆగుతుంది. జాగా చివర నిలబడితే ఆపాలనుకున్నవాడికీ చోటు మిగలదు.

మన దగ్గరనుంచి వెళ్లినవాళ్లకు ఇంకో చిక్కు. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. అలవాటు కొద్దీ ఎడమ అంచున నిలబడితే ఎదురు దిశ బండ్లకు చెయ్యి ఊపుతున్నట్టే. కుడి అంచున నిలబడి, వచ్చే బండ్లవైపు ముఖం పెట్టండి.

సమస్య: ఆగుతున్నారు, కానీ అందరూ పోట్స్‌డామ్ దాకానే

ఆ చోట ఎలాంటి రద్దీ ఉందో చూడకుండా నిలబడటమే కారణం. చెయ్యి ఎత్తే ముందు పది నిమిషాలు నంబర్ ప్లేట్లు చదవండి. జర్మనీలో ప్లేటు మొదటి అక్షరాలు ఊరినో జిల్లానో చెప్తాయి: బి అంటే బెర్లిన్, పి పోట్స్‌డామ్, పిఎమ్ దాని పక్క జిల్లా, ఎల్ లైప్‌జిగ్, ఎమ్ మ్యూనిక్, హెచ్ హానోవర్, హెచ్‌హెచ్ హాంబుర్గ్, ఎమ్‌డి మాగ్డెబుర్గ్, డిడి డ్రెస్డెన్. అన్నీ బి, పి, పిఎమ్ ప్లేట్లే అయితే చోటు మార్చండి. సాయంత్రం పూట ఎల్, ఎమ్ ప్లేటు బెర్లిన్ దాటి పోతోందంటే చాలాసార్లు ఇంటికి పోతున్నట్టే.

రెండు జాగ్రత్తలు. 2015 నుంచి ఊరు మారినా పాత ప్లేటు ఉంచుకోవచ్చు. అద్దె కార్లు చాలావాటికి ఎక్కడ తిరిగినా ఎమ్, హెచ్‌హెచ్ ప్లేట్లే ఉంటాయి. కాబట్టి ప్లేటును ఆనవాలుగానే తీసుకోండి.

అట్ట మీద ఏం రాశారో కూడా చూసుకోండి. బెర్లిన్‌లో నిలబడి "ఆమ్‌స్టర్‌డామ్" అని రాస్తే, హానోవర్ పోయేవాడు మీరు తనకోసం కాదనుకుని పోతాడు. రాయాల్సింది 100 నుంచి 300 కిలోమీటర్ల లోపు ఊరు, లేదా ఆటోబాన్ నంబరు. ఏ9, ఏ2 అన్న రెండు గుర్తులు దూరంనుంచి ఏ ఊరి పేరుకన్నా బాగా కనబడతాయి. సూపర్ మార్కెట్‌లో పడేసే అట్టపెట్టె అడగండి. ఏ3 కాగితం కంటే చిన్న ముక్క వద్దు. లావు మార్కర్‌తో, నల్లగా, ఒక్కో అక్షరం జానెడు ఎత్తుకు తగ్గకుండా రాయండి. బాల్‌పెన్నుతో రుద్దింది పది మీటర్ల అవతల కనబడదు.

సమస్య: లిఫ్ట్ దొరికింది, కానీ దించిన చోట చిక్కుకుపోయాం

ఇది అన్నిటికంటే ఖరీదైన తప్పు. "మా ఊరి ఎగ్జిట్ దగ్గర దించుతా" అని డ్రైవర్ మంచి మనసుతో అంటాడు, మీరు సరే అంటారు. తీరా చూస్తే అది గంటకు ఇరవై బండ్లు ఎక్కే పల్లెటూరి ర్యాంపు.

ఎక్కేటప్పుడే అడగండి: మీరు ఆటోబాన్ వదిలే ముందు ఆఖరి రాస్ట్‌స్టెట్ ఏది? అక్కడే దించమనండి. ఇక్కడ మూడు రకాల చోట్లను కలిపేయకూడదు. రాస్ట్‌స్టెట్ అంటే పెట్రోలు, తిండి రెండూ ఉన్న చోటు. డ్రైవర్లు కాళ్లు చాపుకోవడానికి దిగుతారు కాబట్టి మాట్లాడే వీలుంటుంది. ఆటోహోఫ్ అంటే ఎగ్జిట్ దాటాక ఉండే పెద్ద బంకు. లారీలు ఎక్కువ, రెండు దిశల బండ్లూ వస్తాయి. ఉట్టి పార్కింగ్, ఒక మరుగుదొడ్డి ఉన్న చోటుకు మాత్రం ఒప్పుకోవద్దు. రెండు నిమిషాల పనికి ఆగేవాళ్లు తప్ప ఎవరూ ఉండరు.

ఏ9 ఉదాహరణ చూడండి. బెర్లిన్ నుంచి దక్షిణానికి పోతుంటే ఫ్లేమింగ్, ఆ తర్వాత క్యోకెర్న్ రాస్ట్‌స్టెట్లు వస్తాయి. లైప్‌జిగ్ నగరంలోకి పోయే బండ్లు ష్కోయిడిట్స్ కూడలి దగ్గర ఏ14కు మళ్లే వీలుంది. మీరు మ్యూనిక్ పోవాలంటే, ఆ కూడలికి ముందున్న క్యోకెర్న్‌లో దిగిపోవాలి. లైప్‌జిగ్ లోపలికి వెళ్లి దిగితే, బెర్లిన్‌లో పడిన పాట్లన్నీ అక్కడ మళ్లీ మొదటినుంచి పడాలి. ఏ2 మీద హానోవర్ నగరంలోకి పోయే బండి దొరికితే ఇదే సూత్రంతో దానికి ముందున్న రాస్ట్‌స్టెట్‌లో దిగండి. ఎక్కే ముందే మ్యాప్‌లో ఆ దారిలోని రెండు మూడు రాస్ట్‌స్టెట్ల పేర్లు రాసుకుంటే కారులో కూర్చుని ఫోనులో వెతుక్కోనక్కర్లేదు.

సమస్య: రాస్ట్‌స్టెట్‌లోనే ఉన్నాం, కానీ అన్నీ ఎదురు దిశకు పోయే బండ్లే

చాలా రాస్ట్‌స్టెట్లు జంటగా ఉంటాయి, ఆటోబాన్‌కు చెరో పక్క ఒకటి. బెర్లిన్ దక్షిణ రింగు మీద మిహెన్‌డోర్ఫ్ అలాంటిదే. కుడివైపు నడిచే రోడ్డు కాబట్టి పడమరకు పోయే బండ్లు ఉత్తరపు పక్కన ఉంటాయి. అందుకే మిహెన్‌డోర్ఫ్ నోర్ట్ (ఉత్తరం)లో మాగ్డెబుర్గ్, హానోవర్, లైప్‌జిగ్ బండ్లు. మిహెన్‌డోర్ఫ్ స్యూడ్ (దక్షిణం)లో పోలండ్ వైపు బండ్లు. అక్కడికి ప్రాంతీయ రైల్లో మిహెన్‌డోర్ఫ్ స్టేషన్‌కు పోయి నడవాలి. బెర్లిన్ బయట కాబట్టి ఏబీ టికెట్ చాలదు. దేశమంతా ప్రాంతీయ రైళ్లలో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే చింత లేదు.

పొరపాటున అవతలి పక్కన దిగితే వంతెనో అండర్‌పాసో వెతకండి. ఆటోబాన్‌ను కాలినడకన దాటే ఆలోచన మాత్రం ఎన్నడూ పెట్టుకోవద్దు.

డ్రెస్డెన్‌కు మిహెన్‌డోర్ఫ్ స్యూడ్ అంతగా కలిసిరాదు. పడమటినుంచి డ్రెస్డెన్ పోయేవాళ్లు ఏ14 మీదుగానే పోతారు, బెర్లిన్ రింగు దాకా రారు. మీకు కావాల్సింది బెర్లిన్ నుంచే బయలుదేరే బండి, అంటే నగరం ఆగ్నేయాన ఏ113 ఎక్కే ర్యాంపులు: ఆడ్లర్స్‌హోఫ్, దాని చుట్టుపక్కల. ఇక్కడ ఒక తంటా ఉంది. అదే రోడ్డు విమానాశ్రయానికి కూడా పోతుంది, సూట్‌కేసులతో నిండిన కార్లు చాలా ఉంటాయి. అట్ట మీద "ఏ13" అని రాస్తే వాళ్లంతట వాళ్లే వడగట్టుకుపోతారు.

హాంబుర్గ్‌కు గ్రూనెవాల్డ్ వద్దు. ఆ బండ్లు వాయువ్యాన ఏ111 పట్టుకుంటాయి, అక్కడ ష్టోల్పర్ హైడె రాస్ట్‌స్టెట్ ఉంది. ఎస్25లో హెన్నిగ్స్‌డోర్ఫ్ వైపు పోయి, మిగతా నడకదారి బయలుదేరే ముందే మ్యాప్‌లో చూసుకోండి.

సమస్య: పోలీసులు వచ్చి పొమ్మన్నారు

జర్మనీలో లిఫ్ట్ అడగడం నేరం కాదు. కానీ ట్రాఫిక్ నిబంధనల 18వ సెక్షన్ ప్రకారం ఆటోబాన్ మీద పాదచారులు ఉండకూడదు, బండ్లు ఆగకూడదు. గీత ఎక్కడంటే, ర్యాంపు మొదట్లో ఆటోబాన్ బొమ్మతో ఉండే నీలం బోర్డు. దానికి ఇవతల నిలబడండి, ఒక్క అడుగు కూడా అవతలికి పోవద్దు. రాస్ట్‌స్టెట్‌లో అయితే పార్కింగ్ చివర దాకా సరే, బండ్లు వేగం పుంజుకునే లేన్‌లోకి పోకూడదు.

దేశం మారితే నియమం మారుతుంది. ఇటలీలో ఆటోస్ట్రాడా మీద, దాని సర్వీస్ ఏరియాల్లో కూడా లిఫ్ట్ అడగడం నిషేధం. నెదర్లాండ్స్‌లో తద్విరుద్ధం, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆమ్‌స్టెల్ స్టేషన్ దగ్గరి ప్రిన్స్ బెర్న్‌హార్డ్‌ప్లైన్‌లో లిఫ్ట్ కోసమే కేటాయించిన చోటుంది.

జర్మనీ 2024 సెప్టెంబర్ 16 నుంచి తన భూ సరిహద్దులన్నిటి మీదా తనిఖీలు మొదలుపెట్టింది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలు పోలండ్ వైపు సరదాగా పోయి వచ్చేటప్పుడైనా అసలు పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు రెండూ జేబులో ఉంచుకోవాలి. ఫోనులో ఫొటో పనికిరాదు. ఇబ్బంది మీ ఒక్కరితో ఆగదు, లిఫ్ట్ ఇచ్చిన మనిషి ప్రయాణం కూడా ఆగిపోతుంది.

సమస్య: బంకు దగ్గర అడిగితే అందరూ "నైన్" (కాదు) అంటున్నారు

ఎప్పుడు అడిగారన్నది ముఖ్యం. పెట్రోలు పట్టుకుంటున్నవాడి చేతిలో గొట్టం ఉంటుంది, కన్ను మీటరు మీద ఉంటుంది. అప్పుడు వెళ్తే ఉలిక్కిపడతాడు. డబ్బు కట్టి తిరిగి కారువైపు వస్తుండగా ఎదురెళ్లండి. చలువ కళ్లద్దాలు, హుడీ తీసేయండి.

ఏం అడిగారన్నది అంతకన్నా ముఖ్యం. "నన్ను తీసుకెళ్తారా" అంటే అవునో కాదో తేల్చమని మీద పడ్డట్టు ఉంటుంది. "ఎంట్‌షుల్డిగుంగ్, ఫారెన్ జీ రిష్టుంగ్ లైప్‌జిగ్?" అంటే, క్షమించండి, మీరు లైప్‌జిగ్ వైపు వెళ్తున్నారా అని. ఇష్టం లేనివాడు "లేదు" అని మర్యాదగా తప్పుకుంటాడు, ఉన్నవాడు తనే మాట కలుపుతాడు. ఇద్దరున్నా ఒకరే వెళ్లి అడగండి, రెండోవారు సామానుతో కనబడేంత దూరంలో ఉండాలి. లేకపోతే చివర్లో "ఇంకొకరున్నారు" అన్నప్పుడు డ్రైవర్ ముఖం మాడిపోతుంది. ముగ్గురైతే విడిపోవడమే మంచిది.

లారీలు ఒక్కరికైతే ఇస్తాయి, ఇద్దరికి కష్టం. ఆదివారం మాత్రం వాటిమీద ఆశ పెట్టుకోవద్దు. జర్మనీలో ఏడున్నర టన్నులు దాటిన సరకు లారీలు ఆదివారం రాత్రి 10 దాకా నడవకూడదు. రాస్ట్‌స్టెట్ నిండా లారీలే కనబడతాయి, కదిలేవి ఉండవు. మామూలు రోజున కూడా నాలుగున్నర గంటలు నడిపాక డ్రైవర్ 45 నిమిషాలు ఆగాలి. తెరలు వేసుకున్న క్యాబిన్ తలుపు తట్టి నిద్ర లేపకండి.

సమస్య: చీకటి పడుతోంది

డిసెంబర్‌లో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. మధ్యాహ్నం రెండుకు బయలుదేరడమంటే చీకట్లోకి బయలుదేరడమే. ముఖం కనబడని మనిషికి ఎవరూ ఆపరు కాబట్టి రోడ్డు అంచు వదిలి బంకు దీపాల కిందికి, తలుపు దగ్గరికి రండి, నోటితోనే అడగండి. మెరిసే పట్టీలున్న జాకెట్ వేసుకోండి.

ఏ చోటికైనా గంటన్నర గడువు పెట్టుకోండి. మంచి రాస్ట్‌స్టెట్‌లో కూడా ఆలోపు కుదరకపోతే అడిగే పద్ధతి మార్చండి, లేదా పక్క దిశకు ఒప్పుకోండి. ర్యాంపు దగ్గరైతే రైలెక్కి రాస్ట్‌స్టెట్‌కు పోండి. లిఫ్ట్ అడిగేవాళ్లు చోట్ల గురించి రాసుకునే హిచ్‌వికీ, హిచ్‌మ్యాప్ వెబ్‌సైట్లలో ఒక చోటుకు మంచి మార్కులున్నా, ఆ వ్యాఖ్య ఏ సంవత్సరందో చూడండి. రోడ్డు పనులు మొదలైతే నిరుడు బాగున్న ర్యాంపు ఈ ఏడు మూతపడి ఉండొచ్చు.