అద్దె ఈవీనే క్యాంపర్‌గా: బెంగళూరు నుంచి గండికోటకు లెక్క ప్రకారం

మంచం, సింకు బిగించిన పూర్తి ఎలక్ట్రిక్ క్యాంపర్ వ్యాన్ కావాలంటే బెంగళూరులో ప్రస్తుతానికి చెప్పులరిగేలా తిరగాలి. అద్దెకు దొరికే క్యారవాన్లు దాదాపు అన్నీ డీజిల్‌వే. అందుకని చేయగలిగింది ఒకటే: సెల్ఫ్ డ్రైవ్‌లో పెద్ద ఈవీ (ఎలక్ట్రిక్ కారు) తీసుకుని, వెనక సీట్లు మడిచి, రెండు మూడు రాత్రులకు దాన్నే ఇల్లుగా మార్చుకోవడం. ఇద్దరికి సరిపోతుంది. నలుగురైతే ఇద్దరు బయట టెంట్ వేసుకోవాల్సిందే.

ఇలాంటి ప్రయాణం అనుకోగానే చాలామంది మ్యాప్ తెరిచి దారిలో ఎన్ని చార్జర్లున్నాయో చూస్తారు. ముందు చూడాల్సింది అది కాదు. రాత్రి బండి ఎక్కడ ఆగుతుంది, అక్కడ సరిగ్గా పనిచేసే 15 ఆంప్స్ పాయింటు, అంటే గీజరుకో ఏసీకో పెట్టే పెద్ద సాకెట్టు, ఉందా? ఇది తేలితే మిగతా ప్లానంతా దాని చుట్టూ కుదురుతుంది. పాయింటు లేనిచోట మకాం పెడితే తెల్లవార్లూ ఏసీనీ బ్యాటరీ శాతాన్నీ మార్చి మార్చి చూసుకుంటూ కూర్చోవాలి.

బండి తీసుకునేటప్పుడు

50 యూనిట్ల (యూనిట్ అంటే కిలోవాట్ అవర్, కరెంటు బిల్లులో ఉండేదే) చుట్టుపక్కల బ్యాటరీ ఉన్నది తీసుకోండి. కియా క్యారెన్స్ క్లావిస్ ఈవీలో పెద్ద బ్యాటరీ 51.4 యూనిట్లు, ఎంజీ విండ్సర్ ప్రోలో 52.9. మామూలు విండ్సర్‌లో 38 మాత్రమే. ఊళ్లో తిరగడానికి బాగుంటుంది గానీ ఈ పనికి ఇరుకు. అద్దె యాప్‌లో రెండూ ఒకే పేరుతో కనిపించొచ్చు, అడిగి తేల్చుకోండి.

నంబరు ప్లేటు చూడండి. ఆకుపచ్చ ప్లేటు మీద తెల్ల అక్షరాలుంటే అది సొంత వాడకానికి రిజిస్టరైన బండి. ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిమ్ తిరస్కరించే వీలుంది, ఆర్టీఓ పట్టుకుంటే సామానుతో సహా రోడ్డు మీద దిగాలి. పొరుగు రాష్ట్రంలోకి పర్మిట్ సంగతేంటని అడుగుతారు కొందరు. బ్యాటరీ బండ్లకు పర్మిట్ అక్కర్లేదని కేంద్రం 2018లోనే నోటిఫికేషన్ ఇచ్చింది. ఆర్సీ, బీమా, అద్దె ఒప్పందం కాపీలు మాత్రం ఫోన్లో ఒకటి, కాగితం మీద ఒకటి పెట్టుకోండి.

టేపు పట్టుకెళ్లండి. ముందు సీట్లు పూర్తిగా ముందుకు జరిపి, వెనక సీట్లు మడిచి, అక్కడి నుంచి డిక్కీ తలుపు దాకా కొలవండి. మీ ఎత్తుకు 10 సెంటీమీటర్లు ఎక్కువ రావాలి. సీటు మడిచినచోట మెట్టులా ఎత్తు తేడా వస్తుంది, దాన్ని దుప్పట్లతోనో బొంతతోనో నింపి పైన మూడంగుళాల మడత ఫోమ్ పరుపు వేస్తే నడుం నిలుస్తుంది. ఇంకాస్త సదుపాయం కావాలంటే 12 మి.మీ. ప్లైవుడ్ రెండు ముక్కలుగా కోయించుకుని పరచండి. స్క్రూలు బిగించొద్దు. సీట్లు ఊడదీయడం అసలే వద్దు. బండి నిర్మాణం మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికొస్తుంది, అద్దె ఒప్పందం దానికంటే ముందే రద్దవుతుంది.

తాళం చేతికొచ్చే ముందు యార్డులోనే ఇవి చూసుకోండి:

- మూడు పిన్నుల పోర్టబుల్ చార్జరు ఇచ్చారా? అక్కడే ఏదో ఒక 15 ఆంప్స్ పాయింటుకు పెట్టి పది నిమిషాలు నడపండి. పిన్ను నల్లబడి ఉంటే మార్చమనండి.
- బ్యాటరీ నుంచి బయటికి కరెంటు తీసే వీ2ఎల్ అడాప్టరు. బండికి ఆ సదుపాయమున్నా అడాప్టరు ఇవ్వకపోవచ్చు.
- స్టెప్నీ. కొన్ని ఈవీల్లో ఉండదు, పంక్చర్ కిట్టే దిక్కు.
- రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌లో ఫ్లాట్‌బెడ్ లారీ ఉందా? చక్రాలు నేల మీద దొర్లిస్తూ ఈవీని లాక్కెళ్తే మోటారు దెబ్బతింటుంది.
- ఫాస్టాగ్‌లో డబ్బెవరిది, చార్జింగ్ ఎంత శాతంతో తిరిగివ్వాలి.

యూనిట్ల లెక్క

బెంగళూరు నుంచి గండికోట సుమారు 280 కి.మీ. దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా ఎన్‌హెచ్ 44లో కొడికొండ దాకా వెళ్లి, అక్కడి నుంచి గోరంట్ల, కదిరి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు. గంటకు 80 దాటకుండా, ఏసీతో, సామానుతో వెళ్తే 100 కి.మీ.కు 15 యూనిట్లు వేసుకోండి. అంటే 42. వందలో పోతే అదే దూరానికి 50 దాటుతుంది. వంటకు ఇండక్షన్ స్టవ్ ఎంత కరెంటు తాగుతుందో అని భయపడేవాళ్లు స్పీడు గురించి భయపడరు, విచిత్రం.

ఎత్తునూ లెక్కలోకి తీసుకోవాలి. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, గండికోట దానికి 500 మీటర్లకు పైగా దిగువన. రెండు టన్నుల బండి అంత ఎత్తు దిగితే దాదాపు 3 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. బ్రేకు తొక్కకుండా రీజెన్‌లో (వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీకి తిరిగి పంపే పద్ధతి) దిగితే అందులో చాలావరకు మిగులుతుంది. తిరుగు ప్రయాణంలో ఆ 3 యూనిట్లూ పైన పడతాయి. కాబట్టి వెళ్లేటప్పుడు 40, వచ్చేటప్పుడు 46 అనుకోండి.

మకాం దగ్గర ఖర్చు చాలా చిన్నది. ఏసీ 26 డిగ్రీల మీద ఎనిమిది గంటలకు 4 నుంచి 6 యూనిట్లు. ఇండక్షన్ మీద లీటరు నీళ్లు మరగడానికి 0.1 యూనిట్. అన్నం, పప్పు, ఒక కూర, రెండుసార్లు టీ కలిపి యూనిట్ దాటితే గొప్ప.

ఇప్పుడు కూడండి. 50తో బయల్దేరి 40 ఖర్చయితే గండికోటలో 10 మిగులుతాయి. రాత్రికి 6 పోతే పొద్దున 4. అంత తక్కువతో కుదరదు. మధ్యలో ఒకసారి 15 యూనిట్లు ఎక్కించుకోవాల్సిందే. ఎక్కడ అన్నదే చిక్కు. బాగేపల్లి దగ్గర ఆగితే బండి ఇంకా 70 శాతం మీద ఉంటుంది, 80 దాటాక ఫాస్ట్ చార్జింగ్ నత్తనడక. కదిరి, పులివెందుల వైపు ఆగితే 50 శాతానికి దిగి ఉంటుంది, చకచకా ఎక్కుతుంది. కానీ హైవే వదిలాక చార్జర్లు పలచబడతాయి. పద్ధతేంటంటే బాగేపల్లిలో టిఫిన్ దగ్గరే యాప్ తెరిచి, ముందున్న చార్జర్లో ఆ రోజో అంతకుముందు రోజో ఎవరైనా చార్జ్ చేసినట్టు కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే పదండి. లేకపోతే అక్కడే 95 దాకా ఎక్కించుకోండి, 40 నిమిషాలు పోతే పోయాయి. 'అందుబాటులో ఉంది' అన్న పచ్చచుక్కను మాత్రం నమ్మొద్దు. దానర్థం చార్జరుకు ఇంటర్నెట్ వస్తోందని, అంతే.

టాటా పవర్, స్టాటిక్, చార్జ్‌జోన్, జియో-బీపీ, జియోన్ లాంటివాటిలో మీ దారిలో ఉన్నవాటి యాప్‌లు ఇంట్లోనే వేసుకుని, ఒక్కోదాంట్లో 300 రూపాయలన్నా వాలెట్లో ఉంచండి. సిగ్నల్ లేనిచోట ఓటీపీ కోసం ఎదురుచూడటం కంటే నయం. 60 కిలోవాట్ల చార్జరుకు రెండు గన్లు (బండికి గుచ్చే ప్లగ్గులు) ఉండి పక్కన ఇంకో బండి ఉంటే చాలావాటిలో మీకు వచ్చేది 30. గన్ పెట్టినా మొదలవకపోతే ముందు చూడాల్సింది ఎర్రటి ఎమర్జెన్సీ బటన్. ఎవరో నొక్కి పోయుంటారు, తిప్పితే పైకొస్తుంది. అప్పటికీ కాకపోతే గన్ తీసి, బండి లాక్ చేసి, రెండు నిమిషాలాగి, గన్ బరువు చేత్తో మోస్తూ నేరుగా నెట్టండి. కేబుల్ బరువుకు గన్ కిందికి వాలితే పిన్నులు సరిగ్గా తగలవు. చార్జయ్యాక గన్ రాకపోతే తలుపులు ఒకసారి లాక్, అన్‌లాక్ చేయండి.

ఏప్రిల్, మే నెలల్లో ఈ దారిని వదిలేయండి. కడప వైపు ఎండలకు బ్యాటరీ వేడెక్కి చార్జరు ఎంత పెద్దదైనా వేగం బాగా పడిపోవచ్చు. అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది.

మకాం, 15 ఆంప్స్ పాయింటు

గండికోటలో ఏపీ టూరిజం హరిత హోటల్ ఉంది, ఊళ్లో టెంట్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు. ఎవరికి ఫోన్ చేసినా 'ఈవీ చార్జింగ్ ఉందా' అని అడగొద్దు. లేదనే అంటారు. ఇలా అడగండి: "అన్నా, గీజరుకో ఏసీకో పెట్టే పెద్ద పాయింటు బండి నిలిపే చోటికి ఎంత దూరంలో ఉంటుంది? దానికి ఎర్తింగ్ ఉందా? ఒక ఫోటో వాట్సాప్‌లో పెట్టగలవా?" ఎన్ని యూనిట్లవుతాయో కూడా ముందే చెప్పి, యూనిట్‌కు 10, 12 రూపాయలిస్తామనండి. మీ వాడకంతో వాళ్ల బిల్లు పై స్లాబులో పడొచ్చు, మొహమాటపడి వాళ్లు అడగరు.

230 వోల్టులు నిలకడగా ఉంటే ఆ పాయింటు గంటకు 3 యూనిట్ల దాకా ఇస్తుంది. పల్లెల్లో సాయంత్రం ఆరు నుంచి పది దాకా వోల్టేజి 190కి జారొచ్చు. బండి స్క్రీన్లో కరెంటును 10 ఆంప్స్‌కు తగ్గించి, చార్జింగ్ రాత్రి పదకొండుకు మొదలయ్యేలా టైమర్ పెట్టండి. పొద్దున తొమ్మిదికి 20 యూనిట్లు తీసుకుంటుంది, మధ్యలో వృథా అయ్యేది పోగా బ్యాటరీలోకి చేరేది 17, 18. దారిలో ఎక్కించిన 15తో వచ్చినప్పుడు 25 ఉంటాయి, రాత్రికి 6 తీసేసి, 18 కలిపితే 37. తిరుగు ప్రయాణానికి 46 కావాలి కాబట్టి హైవే ఎక్కాక ఒక్కసారి, భోజనం వేళకు, ఆగితే సరి.

ఎక్స్‌టెన్షన్ వైరు దగ్గర పీనాసితనం పనికిరాదు. ఇళ్లలో వాడే తెల్లటి స్పైక్ బస్టర్ వేడెక్కి కరిగిపోవచ్చు. అది ఆరు ఆంప్స్‌ది, మీరు తీసేది పది, అదీ పది గంటలపాటు ఆగకుండా. బెంగళూరు ఎస్పీ రోడ్డులో 2.5 చదరపు మి.మీ. మూడు కోర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు మీటర్ల లెక్కన అమ్ముతారు. 15 మీటర్లు తీసుకుని, మంచి కంపెనీ 16 ఆంప్స్ ప్లగ్ టాప్, సాకెట్ బాక్సు వేయించండి. 25 మీటర్లు కావాలంటే 4 చదరపు మి.మీ. వైరే. వాడేటప్పుడు చుట్టను పూర్తిగా విప్పాలి, చుట్టలా ఉంటే లోపలి వేడి బయటికి పోదు. 20 నిమిషాల తర్వాత ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి నిలవనంత వేడిగా ఉంటే 8 ఆంప్స్‌కు తగ్గించండి. వాన పడే సూచనుంటే ప్లగ్గు, చార్జరు డబ్బా కలిసేచోటు నేలకు రెండడుగుల పైన వేలాడదీయండి.

చార్జరు డబ్బాలో ఎర్రదీపం వెలిగి మొరాయిస్తే చాలాసార్లు కారణం ఎర్తింగ్ లేకపోవడమే. వేరే గదిలో పాయింటు చూడండి. ఊరి ఎలక్ట్రీషియన్ ఎవరైనా 'న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేస్తే సరిపోతుంది సార్' అంటే దండం పెట్టి పంపేయండి. దీపం పచ్చగా వెలుగుతుంది నిజమే. ఆ న్యూట్రల్ వైరు ఎక్కడైనా తెగిందంటే బండి బాడీకే కరెంటొస్తుంది.

పడుకునేటప్పుడు

ఇంజిన్ బండిలో ఏసీ వేసుకుని నిద్రపోతే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరి ప్రాణం పోయే ప్రమాదముంది. ఈవీలో పొగే లేదు. అలాగని గాలిని లోపలే తిప్పే మోడ్‌లో తెల్లవార్లూ వదిలేయకండి, ఇద్దరి ఊపిరికే లోపల ఉక్కపోత, తలనొప్పి. బయటి గాలి వచ్చే మోడ్ పెట్టండి, లేదా దోమతెర కట్టి అద్దం రెండు వేళ్ల సందు దించండి. గ్యాస్ స్టవ్, బొగ్గుల కుంపటి లోపల వద్దే వద్దు.

ఏసీ నడవాలంటే బండి 'రెడీ'లో, అంటే స్టార్ట్ చేసి నడపడానికి సిద్ధంగా ఉన్న స్థితిలో, ఉండాలి. కొన్ని బండ్లు కదలకుండా ఉంటే కొంతసేపటికి వాటంతటవే ఆగిపోతాయి. బెంగళూరులోనే ఒక గంట పెట్టి పరీక్షించండి. 'రెడీ'లో లేనప్పుడు లోపలి లైట్లు, పాటలు నడిచేది చిన్న 12 వోల్టుల బ్యాటరీ మీద. అది పడుకుందంటే పెద్ద బ్యాటరీలో 70 శాతం ఉన్నా బండి లేవదు, ఒక్కోసారి తలుపు కూడా తెరుచుకోదు. లైటు కోసం రీచార్జ్ ల్యాంపు వాడండి, చిన్న జంప్ స్టార్టర్ ఒకటి సంచిలో ఉంచండి. దాన్ని డిక్కీలో కాదు, చేతికందే చోట పెట్టాలి.

వీ2ఎల్ మామూలుగా 3 కిలోవాట్ల పైచిలుకు ఇస్తుంది. ఇండక్షన్, కెటిల్ రెండూ ఒకేసారి పెడితే ట్రిప్ కావొచ్చు. ఎంత శాతం దగ్గర ఆగాలో సెట్ చేసే వీలుంటే 30 పెట్టండి. ఆ కరెంటును ఎవరింటి వైరింగ్‌కూ కలపొద్దు.

లోయ అంచుకు దూరంగా, చదునైన చోట బండి ఆపండి. కాస్త వాలుంటే తల ఎత్తు వైపు ఉండేలా. పార్కింగ్ బ్రేకు వేసి, చక్రాల కింద రాయి పెట్టండి.

తిరిగి అప్పగించేటప్పుడు

చివరి చార్జింగ్ ఊళ్లో ఆదివారం రాత్రి పెట్టుకోవద్దు. ఊరెళ్లిన ఈవీలన్నీ అప్పుడే దేవనహళ్లి, హెబ్బాళ్ దగ్గర వరుసకడతాయి. చిక్కబళ్లాపురం దాటకముందే ఒప్పందంలోని శాతానికి 20 కలిపి ఎక్కించుకుంటే యార్డు చేరేసరికి సరిపోతుంది. అప్పగించే ముందు బ్యాటరీ శాతం, ఓడోమీటరు, నాలుగు చక్రాలు, చార్జింగ్ పోర్టు లోపలి పిన్నులు, కేబుల్ అన్నీ ఒకే వీడియోలో తీసి, అక్కడున్నతనికి అక్కడే పంపండి. డిపాజిట్‌లో కోత గీతలకే కాదు, కేబుల్ పిన్ను కాలిందన్న పేరుతోనూ పడొచ్చు.