వీడియో రెజ్యూమే – 3వ పాఠం: కళ్లు ఎటు పోతున్నాయి?

ఉద్యోగం ఇచ్చేవాళ్లకి మన గురించి మనమే చెప్పుకుని పంపే చిన్న వీడియోనే వీడియో రెజ్యూమే. దానికి ఈసారి లైటింగ్ చెబుతానన్నాను గానీ, పోయిన పాఠం తర్వాత వచ్చిన వీడియోలు చూశాక అది ఆగాల్సిందే అనిపించింది. స్క్రిప్టు రాయమంటే చాలామంది బాగానే రాశారు. రాసి, దాన్ని ఎదురుగా పెట్టుకుని వార్తలు చదివినట్టు చదివేశారు. స్క్రిప్టు రాయించింది చదవడానికి కాదండీ, ఏం చెప్పాలో, ముఖ్యంగా ఏం వదిలేయాలో ముందే తేల్చుకోవడానికి. అది తేలాక ఆ కాగితం పక్కన పెట్టేయాలి.

చదివినట్టు వినిపించడానికి సగం కారణం మనం రాసే మాటలే. "అకౌంట్స్ విభాగమునందు విశేష అనుభవము కలదు" అని నోటితో ఎవరూ అనరు. "మూడేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను, నెలాఖరు లెక్కలు ముగించేది నేనే" అంటే సరిపోతుంది. "బృంద స్ఫూర్తితో పనిచేయగలను" అన్నదానికి బదులు "స్టోర్‌లో ఆరుగురం ఉండేవాళ్లం, షిఫ్టులు నేనే వేసేదాన్ని" అనండి, బృందం సంగతి వాళ్లకే అర్థమవుతుంది. "కష్టపడి పనిచేస్తాను, త్వరగా నేర్చుకుంటాను" అన్న వాక్యానికి మాత్రం బదులేమీ లేదు, కొట్టేయండి. ఇంగ్లీషులో చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అక్కడైతే పెద్ద పదం దగ్గర నాలుక తడబడుతుంది కూడా.

ఇక అసలు చిక్కు కళ్లు. ఫోన్‌ని అడ్డంగా పెట్టి సెల్ఫీ కెమెరాతో తీస్తే లెన్స్ ఒక చివరికి పోతుంది. మీరేమో స్క్రీన్ మధ్యలో మీ ముఖం చూసుకుంటూ మాట్లాడతారు. చూసేవాళ్లకి మీరు వాళ్ల చెవి పక్కన ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. స్క్రీన్ మీద స్క్రిప్టు కూడా పెట్టుకుంటే ఇంకా కష్టం. చదివేటప్పుడు కళ్లు నున్నగా జారవు, చిన్న చిన్న గెంతులు వేస్తూ పోయి, లైన్ చివర నుంచి ఒక్కసారిగా వెనక్కి వస్తాయి. మీకు తెలియదు గానీ ఎదుటివాళ్లు ఇట్టే పట్టేస్తారు. "టెలిప్రాంప్టర్ యాప్ (స్క్రిప్టుని స్క్రీన్ మీద నడిపించేది) వాడాను, అయినా తెలిసిపోతోందేంటి" అని అడిగినవాళ్లకి జవాబు ఇదే. ఆ యాప్ తప్పేం లేదు, ఫోన్ చేతి దూరంలో ఉండటమే తప్పు. అంత దగ్గర నుంచి చదివితే కళ్లు చాలా పక్కకి తిరగాలి. అదే ఫోన్ ఐదారు అడుగుల దూరంలో ఉండి, అక్షరాలు పెద్దవిగా, లైన్లు పొట్టిగా, లెన్స్ పక్కనే ఉంటే ఆ కదలిక బాగా తగ్గుతుంది. తప్పనిసరైతే అలా చేయండి. నాకు మాత్రం ఆ యాప్‌లంటే పడదు, గొంతులో జీవం ఉండదు.

నేను చేసేది ఇంకా సులువు. వెనక కెమెరాతో తీస్తాను. చాలా ఫోన్లలో బొమ్మ బాగుంటుంది, పైగా నా ముఖం నాకు కనబడదు కాబట్టి జుట్టు సర్దుకోవడం ఉండదు. లెన్స్ పక్కనే చిన్న కాగితం మీద నాలుగే మాటలు అంటిస్తాను: పేరు–పని, అనుభవం, ఒక ఫలితం, ఏం కావాలి. అంతే. బట్టీ పట్టను. బట్టీ పడితే ఒక్క మాట మర్చిపోగానే మొత్తం ఆగిపోతుంది, ఆ టెన్షన్ ముఖం మీదికి వచ్చేస్తుంది.

ఫోన్ కంటి ఎత్తులో ఉండాలని, ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలని వేరే చెప్పక్కర్లేదు. నిడివి 60 నుంచి 90 సెకన్లు. రెండు నిమిషాలు దాటినవి నేను పూర్తిగా చూడలేదు, అవతలివాళ్లు కూడా చూడరు.

పంపించే దగ్గర ఒక మాట. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు ఇచ్చినవాళ్లలో కొందరివి తెరవగానే అనుమతి అడిగాయి. అక్కడ లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు అన్న ఆప్షన్‌కి మార్చాలి. యూట్యూబ్‌లో అయితే ప్రైవేట్ కాదు, అన్‌లిస్టెడ్ (వెతికితే కనబడదు, లింకుతోనే తెరుచుకుంటుంది) పెట్టండి. అన్‌లిస్టెడ్ లింకు ఎవరి చేతికి వెళ్లినా తెరుచుకుంటుంది కాబట్టి వీడియోలో ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు చెప్పొద్దు, అవి కాగితం రెజ్యూమేలో ఉంటే చాలు. లింకు పంపే ముందు మీ అకౌంట్ లేని వేరే ఫోన్‌లో తెరిచి చూసుకోండి.

అభ్యాసం: మొదటి వాక్యం ఒక్కటే పది రకాలుగా చెప్పి రికార్డు చేయండి. ఏ రెండూ ఒకే మాటతో మొదలవకూడదు. అందులో నచ్చినదానితో పూర్తి వీడియో తీసి, ముందు సౌండ్ తీసేసి కళ్లు మాత్రమే చూడండి, తర్వాత ఫోన్ బోర్లా పెట్టి గొంతు మాత్రమే వినండి. ఆపైన మీ పని గురించి ఏమీ తెలియనివాళ్లకి ఒక్కసారే చూపించి, "నేను ఏ ఉద్యోగం అడుగుతున్నాను?" అని అడగండి. వాళ్లు తడుముకుంటే మళ్లీ తీయండి. ఎడిటింగ్‌లో అతికించింది నాకు పంపొద్దు, ఒకే టేక్ కావాలి.