సోలార్ హీటర్ల ఊకె గాలి పడుతుందా? ముందుగాల అది ఎప్పుడు పడుతుందో చూడుర్రి

నల్లగొండల మా ఇంటి మిద్దె మీద 200 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ ఉంది, గాజు ట్యూబులది. పోయిన చలికాలమంత ఒకటే గోస. పొద్దుగాల వేడినీళ్ల నల్లా తిప్పితే గుర్రుగుర్రుమని దగ్గి రెండు చుక్కలు ఉమ్మి బందైతుండె. ప్లంబర్ వచ్చుడు, గాలి తీసుడు, పైసలు తీస్కొని పోవుడు, నాలుగొద్దులకు మళ్ల అదే కథ. మూడోసారికి సమజైంది, గాలి తీసుడు పెద్ద పని కాదు, అది ఎక్కడికెళ్లి జొరబడుతుందో పట్టుడే అసలు పని అని.

ఒక వారం క్యాలెండర్ మీద రాసుకోర్రి, గాలి ఏ రోజు, ఏ టైంకు, ఏ నల్లా తిప్పితే వచ్చిందని. సగం జవాబు ఆడనే దొరుకుతది.

కరెంటు పోయి మోటర్ ఎయ్యక పైన ట్యాంకు ఖాళీ అయిన తెల్లారే వస్తుందంటే హీటర్ది తప్పేం లేదు, ట్యాంకు అడుగుదాక పోనియ్యకుంటే సాలు.

రెండు బాత్రూంలల్ల ఒక్కసారి నల్లాలు తిప్పినప్పుడో, ప్రెషర్ పంపు నడిచినప్పుడో వస్తే మాత్రం సల్లనీళ్లు హీటర్లకు దిగే పైపు మీద అనుమానం పెట్టుకోర్రి. కింద మనం గుంజే నీళ్లకు సరిపోను పైనుంచి దిగకపోతే, గాలి పోయేటందుకు హీటర్ మీద నిలబడి ఉండే వెంట్ పైపుల నీళ్లు కిందికి జారి దాని ఎంట గాలి లోపలికి పోతది. పరీక్ష సులువే, నల్లా సన్నగ ఇడిస్తే మంచిగ వచ్చి, ఫుల్ తిప్పంగనే దగ్గుతుందంటే ఇదే కథ. మాది గిదే. యూనియన్ (పైపుల నడుమ ఇప్పే జాయింటు) ఇప్పి చూస్తే ముప్పావు ఇంచు పైపుల తెల్లగ సున్నం గడ్డకట్టి పెన్సిల్ పట్టేంత సందు మిగిలింది. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా, బకిట్లకే తెల్ల పొర కడుతది, ఇగ వేడి ఎక్కే జాగల కట్టదా. ఆ ముక్క మార్పిస్తే సగం రోగం పోయింది.

మిగిలిన సగం పైపు వంపు. పొయ్యి మీద నీళ్లు మసలక ముందే గిన్నె అంచులకు చిన్నచిన్న బుడగలు పట్టుకుంటయ్ చూసిండ్రా, నీళ్లల్ల కలిసి ఉన్న గాలి వేడికి బయటపడుడు అది. హీటర్ల గూడ రోజూ అదే అయితది. వేడినీళ్ల పైపు గోడ మీదికెళ్లి ఒంటె మూపురం లెక్క లేచి దిగితే ఆ గాలంత మూపురంల కూసుంటది, అందుకే ఏ కారణం కనపడకుంట మూడు నాలుగొద్దులకోసారి వస్తది. వంపు తీసేపియ్యాలె, లేకుంటే ఆ ఎత్తు మీద ఇంకో వెంట్ నిలబెట్టియ్యాలె, అది పైన ట్యాంకు నీళ్ల మట్టం కంటే ఎత్తుండాలె. ఏ వెంట్‌కు గూడ మూత గానీ వాల్వ్ గానీ పెట్టొద్దు.

ఇగ కారుడు సంగతి. ఇంగ్లండ్‌ల ఉండే మా బామ్మర్ది ఇంట్ల రేడియేటర్లుంటయ్, గాలి తీసినప్పుడల్ల ప్రెషర్ ముల్లు పడిపోయి మళ్ల నీళ్లు నింపాల్సి వస్తుందంటే ఏడనో కారుతుందని అనుమానపడుతరట. మనకు ముల్లు లేదు, కర్ర ఉంది. రాత్రి అందరు పండుకున్నంక ట్యాంకుల కర్ర ముంచి తడి ఆడిదాక ఉన్నదని గీత పెట్టుర్రి, తెల్లారి ఎవ్వరు నల్లా ముట్టకముందే మళ్ల ముంచుర్రి. మూడున్నర అడుగుల వెడల్పు ట్యాంకుల సెంటీమీటర్ దిగిందంటే దగ్గరదగ్గర 9 లీటర్లు పోయినట్టు. రెండో రాత్రి హీటర్‌కు పోయే గేట్ వాల్వ్ బంద్ చేసి అట్లనే చూడుర్రి, పొద్దుగాల యాదితోని ఇప్పుర్రి. మొదటి రాత్రి దిగి, వాల్వ్ బంద్ ఉన్నప్పుడు మట్టం దిగకపోతే కారేది హీటర్ దిక్కే, రెండు రాత్రులు దిగితే ముందు లెట్రిన్ ఫ్లష్ ట్యాంకు చూడుర్రి, నూటికి తొంబై అదే.

మాపటీలి ఎండల వెంట్ నుంచి కొన్ని నీళ్లు పడితే భయపడొద్దు, 200 లీటర్లు 20 డిగ్రీల నుంచి 60కి ఎక్కితే 3 లీటర్ల దాక పెరుగుతయ్, సల్లనీళ్ల పైపుకు ఎన్ఆర్వీ (నీళ్లను ఒక్క దిక్కుకే పోనిచ్చే వాల్వ్) ఉంటే ఎనక్కి పోలేక వెంట్ పట్టుకుంటయ్. అదే పనిగ కారుతుంటే వేడి, సల్లనీళ్లు కలిపే మిక్సర్ నల్లాలు చూడుర్రి, రెండు పిడులు ఇప్పి మూతికాడ మాత్రమే బంద్ పెడితే పంపు జోరుకు సల్లనీళ్లు వేడి పైపులకు ఎక్కి వెంట్ నుంచి పొర్లుతయ్. ఒక్క ట్యూబు మెడకాడ తడి ఉంటే సిలికాన్ రింగు పోయింది, చిన్న ఖర్చే. ట్యాంకు అడుగున రేకు అతుకు పొడుగుత చుక్కలు పడుతుంటే లోపలి ట్యాంకే తూటు పడ్డట్టు, దానికి అతుకులేస్తనన్నోన్ని నేనైతే నమ్మ.

ట్యూబు కొస అద్దం లెక్క మెరుస్తుండాలె, పాలు పోసినట్టు తెల్లగైతే రెండు గాజు పొరల నడుమ ఉండే వాక్యూమ్ (గాలి లేని ఖాళీ) పోయిందన్నట్టు, కారకున్నా గాని మార్చాల్సిందే. మార్చే పని మాత్రం పొద్దు పొడవక ముందో, పొద్దు గుంకినంకనో పెట్టుకోర్రి, ఎండకు కాగిన ఖాళీ ట్యూబుల సల్లనీళ్లు పడితే టప్పుమని పగులుతది. మేం ఒక్క మధ్యాహ్నమే రెండు పోగొట్టుకున్నం.