చదరంగం స్వయంశిక్షణ, ఐదవ పాఠం: దన్ను లేని పావు

గత నాలుగు పాఠాలలో ఫోర్కు (ఒకే పావు రెండింటి మీద ఒకేసారి దాడి చేయడం), పిన్ను (వెనుక పెద్ద పావు ఉండడంతో ముందు పావు కదలలేని కట్టు), డిస్కవర్డ్ చెక్ (ముందున్న పావు తప్పుకోగా వెనుక పావు ఇచ్చే చెక్), చివరి వరుస మేట్ (చివరి వరుసలో చిక్కిన రాజుకు తప్పించుకునే దారి లేకుండా చేయడం) అనే నాలుగు దెబ్బలను విడివిడిగా సాధన చేశాము. వాటిని మనకంటే బలమైన ఆటగాడి మీద ఎప్పుడు ప్రయోగించాలి, ఎప్పుడు ఆగాలి అన్నది ఈ పాఠం విషయం. బోర్డు ముందు పెట్టుకొని, ప్రతి ఎత్తునూ పావులతో కదిపి చూస్తూ చదవవలసిన పాఠమిది.

బలవంతుడితో ఆడవలసి రావడం అరుదైన సంగతేమీ కాదు. కడపలోనో అనంతపురంలోనో కర్నూలులోనో జరిగే ఓపెన్ టోర్నమెంటుకు ప్రొద్దుటూరు నుంచో ఆదోని నుంచో తొలిసారి వచ్చిన, రేటింగు (ఆట బలాన్ని చూపే అంకె) లేని విద్యార్థికి మొదటి రౌండులోనే అది తప్పదు. స్విస్ పద్ధతిలో ఆటగాళ్లందరినీ రేటింగు వరుసలో నిలిపి, జాబితాను రెండు సగాలు చేసి, పై సగంలోని మొదటివాడికి కింది సగంలోని మొదటివాడిని జత చేస్తారు. నూరుమంది వస్తే 1వ ఆటగాడికి 51వ ఆటగాడు, 2వ ఆటగాడికి 52వ ఆటగాడు ఎదురవుతారు. రేటింగులను లెక్కించే ఈలో పద్ధతి ప్రకారం ఇద్దరి రేటింగుల మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే బలహీనుడికి సగటున నాలుగు ఆటలలో ఒక పాయింటు, 400 తేడా ఉంటే దాదాపు పదకొండు ఆటలలో ఒక పాయింటు దక్కుతుంది. ఆ పాయింటులో డ్రాల వాటా కూడా కలిసే ఉంటుంది. మన పని ఆ కొద్దిపాటి వాటాను కాస్త పెంచుకోవడమే.

ఇందుకు చాలామంది పెద్దలు చెప్పే ఉపాయం, ఆటను వీలైనంత చిక్కుముడిగా మార్చమని. ఈ సలహాతో నేను పూర్తిగా ఏకీభవించను. చిక్కు ఇద్దరికీ చిక్కే. లెక్క వేయడంలో మనకంటే నేర్పరి అయినవాడు ఆ చిక్కులో కూడా మనకంటే నేర్పరిగానే ఉంటాడు. కారణం లేకుండా గుర్రాన్ని బలిచ్చి, ఏదో జరుగుతుందిలే అని ఎదురు చూసేవాడు ఇరవై ఎత్తులలో ఓడిపోతాడు. దెబ్బ పడాలంటే ఎదుటి సైన్యంలో ఒక లోపం ముందుగానే ఉండి తీరాలి. ఆ లోపాలు ముఖ్యంగా మూడు. ఒకే పావు రెండు పనులు మోస్తూ ఉండడం, రాజూ మరో పెద్ద పావూ ఒకే గీత మీద నిలవడం అనే రెండింటిని తరువాతి పాఠాలకు వదిలేద్దాము. మూడవదీ, అన్నిటికంటే తరచుగా కనిపించేదీ, దన్ను లేని పావు. దాన్ని మనం కొడితే తిరిగి కొట్టడానికి ఎదుటివాడికి ఏ పావూ ఉండదు.

18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు, ఆ కాలపు ప్రఖ్యాత ఆటగాడు ఫిలిడార్‌కు గురువు అయిన లెగాల్ పేరుతో ప్రసిద్ధమైన మేట్‌ను ఇప్పుడు బోర్డు మీద ఆడి చూడండి. గడి పేరులో అక్షరం తెలుపు ఆటగాడి ఎడమ నుంచి ఏ మొదలు హెచ్ దాకా నిలువు వరుసను, అంకె తెలుపు వైపు నుంచి అడ్డ వరుసను చెబుతుంది. తెల్ల బంటు ఇ4, నల్ల బంటు ఇ5. తెల్ల గుర్రం ఎఫ్3, నల్ల బంటు డి6. తెల్ల శకటు (బిషప్) సి4, నల్ల శకటు జి4. తెల్ల రెండో గుర్రం సి3, నల్ల బంటు జి6. ఇక్కడ ఆగండి. జి4లోని నల్ల శకటు మన ఎఫ్3 గుర్రాన్ని మంత్రికి కట్టివేసినట్టు కనిపిస్తుంది. అయితే ఆ శకటుకు దన్ను ఎవరు? ఎవరూ లేరు. పైగా ఆ కట్టు రాజుకు వేసినది కాదు, మంత్రికి వేసినది. మంత్రిని పోగొట్టుకోవడానికి సిద్ధపడితే గుర్రం కదలవచ్చు.

కాబట్టి గుర్రం ఇ5లోని బంటును కొడుతుంది. నలుపు డి6 బంటుతో ఆ గుర్రాన్ని కొడితే, మన మంత్రి దన్ను లేని జి4 శకటును కొట్టి ఒక బంటు లాభంతో బయటపడుతుంది. నలుపు ఆశపడి శకటుతో డి1లోని మంత్రిని కొడితే, మన శకటు ఎఫ్7 బంటును కొట్టి చెక్ చెబుతుంది. రాజుకు ఇ7 ఒక్కటే దారి. అప్పుడు సి3 గుర్రం డి5కు వస్తే మేట్. రాజు చుట్టూ ఉన్న ఎనిమిది గడులను ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూడండి. డి8లో సొంత మంత్రి, ఎఫ్8లో సొంత శకటు, డి6లో సొంత బంటు అడ్డు నిలిచాయి. ఇ8, ఇ6 గడులను మన శకటు కాపు కాస్తున్నది. డి7 గడినీ, ఎఫ్7లోని మన శకటునూ ఇ5 గుర్రం కాపాడుతున్నది. మిగిలిన ఎఫ్6 గడిని డి5 గుర్రమే చూసుకుంటున్నది. మన పల్లెల్లో పులిజూదం ఆడినవారికి ఈ గెలుపు రుచి తెలుసు: పదిహేను మేకలలో ఒక్కటి కూడా పులిని చంపలేదు, కానీ కదలడానికి చోటు లేకుండా చేస్తే మూడు పులులూ ఓడినట్టే.

ఈ మేట్‌ను బట్టీపట్టి, శకటు జి4కు రాగానే ఇ5ను కొట్టేవారు ఎందరో ఉన్నారు. బలమైన ఆటగాడు ఎదురు చూసేది కూడా అటువంటి తొందరనే. నాలుగో ఎత్తులో నలుపు జి6 బదులు గుర్రాన్ని సి6లో పెట్టాడనుకోండి. ఇప్పుడు మనం ఇ5 బంటును కొడితే, సి6 గుర్రం మన గుర్రాన్ని కొట్టి ఇ5లో కూర్చుంటుంది. అక్కడి నుంచి అది జి4 శకటుకు దన్ను కూడా అవుతుంది. మన మంత్రి జి4ను కొట్టజాలదు. ఒక బంటు కోసం ఒక గుర్రం పోయింది, ఆట కూడా పోయినట్టే.

ఇక్కడే అసలు పాఠం ఉంది. అదే స్థితిలో తొందరపడకుండా, ముందు హెచ్3 బంటును ఆడి శకటును ప్రశ్నించండి. శకటు హెచ్5కు వెనుదిరిగితే, ఇప్పుడు కొట్టండి ఇ5ను. నల్ల గుర్రం తిరిగి కొట్టి ఇ5కు వచ్చినా అక్కడి నుంచి జి4ను చూడగలదు గానీ హెచ్5ను చూడలేదు; శకటు దన్ను కోల్పోయింది. మన మంత్రి హెచ్5 శకటును కొడుతుంది, నల్ల గుర్రం సి4లోని మన శకటును కొడుతుంది, మన మంత్రి బి5కు వచ్చి చెక్ చెబుతూనే ఆ గుర్రాన్ని కూడా పట్టుకుంటుంది. నలుపు చెక్‌ను తప్పించుకునే లోపల గుర్రం మనదవుతుంది. లెక్క చూసుకుంటే ఒక బంటు మిగులు. శకటు ఒక్క గడి పక్కకు జరగడంతో ఓడే ఎత్తు గెలిచే ఎత్తుగా మారింది. ఈ రెండు స్థితులనూ పక్కపక్కన పెట్టి, తేడా చూడగానే తట్టేదాకా ఆడండి. నూరు పజిళ్లను పరుగున చేయడం కంటే ఇది మేలని నా అభిప్రాయం.

బలమైనవాడు ఇటువంటివి ఎందుకు చూడడు అన్న సందేహం సహజం. అతడు చాలావరకు అలవాటైన ఆకృతులను బట్టి ఆడతాడు, ఆకృతి కొత్తదైతే కన్ను దాన్ని దాటిపోతుంది. 2006 నవంబరులో జర్మనీలోని బాన్ నగరంలో డీప్ ఫ్రిట్జ్ అనే కంప్యూటర్ ప్రోగ్రాముతో ఆడుతూ, నాటి ప్రపంచ విజేత వ్లాదిమిర్ క్రామ్నిక్ తన మంత్రిని ఇ3కి జరిపాడు. మరుసటి ఎత్తులోనే తెల్ల మంత్రి హెచ్7కు వచ్చి మేట్ చేసింది. ఆ మంత్రికి దన్నుగా నిలిచిన గుర్రం ఎఫ్8లో, అంటే నల్ల రాజు సొంత వరుసలో ఉంది. గుర్రం అక్కడి నుంచి వెనక్కు చూస్తూ హెచ్7ను కాయడం మనం నిత్యం చూసే దృశ్యం కాదు. ప్రపంచ విజేతకే అది తప్పిపోయినప్పుడు, మన జిల్లా పోటీలలో 1800 రేటింగు ఉన్న ఆటగాడికి తప్పిపోవడంలో వింత లేదు.

పోటీలో పాటించవలసిన క్రమం చెబుతాను. ఎదుటివాడు ఎత్తు వేయగానే, అతడు ఏం చేయబోతున్నాడన్న ప్రశ్నతో పాటు, ఆ ఎత్తుతో ఏ పావు తన దన్నును వదిలి వచ్చిందో చూడండి. కదిలిన పావు తాను కొత్తగా కాచే గడులతో పాటు, ఇంతవరకు కాచిన గడులను వదిలేస్తుంది. తరువాత మనకున్న చెక్కులన్నీ, కొట్టుళ్లన్నీ పిచ్చివిగా కనిపించినా సరే ఒకసారి చూడండి. దెబ్బ దొరికిందనిపిస్తే చేతులు బల్ల కింద పెట్టుకొని, ఎదుటివాడి అత్యుత్తమ జవాబును వెతకండి. ముట్టుకున్న పావునే ఆడాలన్న నియమం ఉన్నది కనుక ఈ జాగ్రత్త అవసరం. ఎత్తును ముందుగా స్కోరుషీటులో రాసుకొని ఆలోచించే పాత అలవాటు కొందరికి ఇంకా ఉంది. ఫిడే (అంతర్జాతీయ చదరంగ సమాఖ్య) నియమాలు ఇప్పుడు దాన్ని అనుమతించవు.

పావు గెలిచిన తరువాత మిగిలిన పావులను ఒకటికొకటి మార్చుకుంటూ పోవడమే పద్ధతి. దాన్ని ఎనిమిదవ పాఠంలో వివరిస్తాను.

అభ్యాసం. మొదటిది: తెల్ల రాజు జి1, మంత్రి డి1, బంట్లు ఎఫ్2, జి2, హెచ్2. నల్ల రాజు ఇ8, శకటు బి4, గుర్రం బి8, బంట్లు ఏ7, బి7, ఎఫ్7, జి7, హెచ్7. తెల్ల మంత్రి ఏ4కు వచ్చి చెక్ చెబితే శకటు దొరుకుతుందా? అదే గుర్రం బి8లో కాక ఎఫ్6లో ఉంటే దొరుకుతుందా? రెండవది: లెగాల్ ఆటలో నాలుగో ఎత్తుకు నలుపు జి6 బదులు జి8 గుర్రాన్ని ఎఫ్6కు తెస్తే, ఇ5ను కొట్టడం ఎందుకు చెల్లదు? దీనికి రెండు కారణాలు ఉన్నాయి. రెండూ రాయండి, ఒక్కటి రాస్తే సగం మార్కులే. జవాబులు ఆరవ పాఠం మొదట్లో ఇస్తాను.