మృగశిర కార్తె లోపే ఓడల ఉత్తరాలు సర్దుకోండి

రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. మా నల్గొండలో రోళ్ల సంగతేమో గానీ ఉత్తరాల మీది లక్క ముద్రలు మాత్రం మెత్తబడతాయి. పాత నౌకాదళ ఉత్తరాలు సేకరించడం నా పిచ్చి. మాది నాపరాళ్ల కప్పున్న పాత ఇల్లు. రెండేళ్ల కింద మే నెలాఖరున ఇనుప బీరువా తెరిస్తే, ఒక బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ తన అన్నకు రాసిన ఉత్తరం మీది ఎర్ర లక్క, పైన పెట్టిన ఉత్తరం వీపుకు అతుక్కుని ఉంది. తొందరపడి లాగాను. కాగితం పొర ఒకటి లేచి లక్కతో పాటే వచ్చింది. పొరతో పాటు మూడు పదాలు పోయాయి.

తప్పు నాదే. వేడి దేశాల టపాకు మామూలు లక్క వాడితే కరిగి పక్క ఉత్తరాలకు అంటుకుంటుందని 19వ శతాబ్దంలో బ్రిటిష్ పోస్టాఫీసే జనాన్ని హెచ్చరించేది. అది చదివి కూడా నేను ఉత్తరాలను పుస్తకాల్లా పేర్చాను. లక్క ఉన్న ఉత్తరం దేనికదే విడిగా, ముద్ర పైకి ఉండేలా, మీద ఏ బరువూ లేకుండా పడుకోబెట్టాలి.

జూన్ రెండో వారంలో మృగశిర వస్తుంది. అప్పటిదాకా ఎండకు గలగలలాడిన కాగితం వారం రోజుల్లో చెమ్మ పీల్చి మెత్తబడుతుంది. పాత ఉత్తరాలకు ఈ మార్పే పెద్ద దెబ్బ. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు మొదలవుతుంది. తేమ చూపించే చిన్న మీటరు ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. గోడకు కాదు, బీరువా లోపల పెట్టండి. అది 50 దాటితే సిలికా జెల్ సంచులు మార్చే టైమొచ్చినట్టే. ఇక కూలర్ ఉన్న గదిలో ఉత్తరాలు అసలే వద్దు. మహబూబ్‌నగర్‌లో ఒక మిత్రుడు ఎండ నుంచి కాపాడదామని తన సేకరణను కూలర్ గదిలోకి మార్చాడు. అది చల్లదనంతో పాటు నీటి ఆవిరినీ గది నిండా కొడుతుందని ఆయనకు తట్టలేదు. వానలు రాకముందే బూజు వచ్చేసింది.

సిరా గురించి కొంచెం వివరంగా చెప్పాలి. 1800 ప్రాంతంలో పేరు మోసిన బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్ కాలపు అధికారులు రాసిన సిరాలో ఉన్నది మాచికాయ, అన్నభేది, తుమ్మ జిగురు లాంటి బంక. మన పసారీ కొట్టు సరుకే. మన పెద్దలు కరక్కాయ, అన్నభేది కలిపి చేసుకున్న సిరాకు దగ్గరి చుట్టం. రాసినప్పుడు లేతగా ఉండి, గాలి తగిలాక నల్లబడి, ఏళ్లు గడిచేకొద్దీ ముదురు గోధుమ రంగుకు దిగుతుంది. అన్నభేదిలోని ఇనుము, సిరాలోని పులుపు కలిసి కాగితాన్ని మెల్లగా తినేస్తాయి. ఒత్తి రాసిన చోట, సంతకం కింద గీసిన గీత దగ్గర, కాగితం బ్లేడుతో కోసినట్టు చీలిపోతుంది. చెమ్మ తగిలితే ఈ పని ఇంకా జోరందుకుంటుంది. వెనక్కి తిప్పి చూడండి. అక్షరాలు అటువైపు గోధుమ రంగులో కనిపిస్తుంటే ఆ ఉత్తరాన్ని ఇక మడవొద్దు.

1840కి ముందటి బ్రిటిష్ ఉత్తరాలకు సాధారణంగా కవరు ఉండదు. పోస్టు ఖర్చు కాగితాల లెక్కన పడేది కాబట్టి కవరు పెడితే అదీ ఒక కాగితం కిందే లెక్క. అందుకే రాసిన కాగితాన్నే మడిచి, బయటి మడత మీద చిరునామా రాసేవారు. రెండు వందల ఏళ్లుగా అవే మడతలు. చూడ్డానికొచ్చిన ప్రతి చుట్టం ముందూ విప్పి మూస్తే మడత తెగుతుంది. వానలకు ముందే, ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర ఒక్కసారి జాగ్రత్తగా విప్పి, రెండు వైపులా ఫొటో తీసుకుని, విప్పినది విప్పినట్టే భద్రపరచండి. చుట్టాలకు ఫొటో చూపిస్తే చాలు. వెనక నంబరు వేయాలంటే మెత్తటి పెన్సిల్ తప్ప పెన్ను ముట్టుకోవద్దు.

జిరాక్స్ షాపుకు మాత్రం తీసుకెళ్లకండి. ఒకసారి ఫొటోకాపీకి వెళితే కౌంటర్ దగ్గర పిల్లాడు ఎంతో ప్రేమగా, "లామినేషన్ చేయించుకోండి సార్, వందేళ్లు ఉంటది" అన్నాడు. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ వేడి, ఆ జిగురు పట్టాక కాగితాన్ని బయటికి తీయడం దాదాపు అసాధ్యం. సెల్లో టేపూ అంతే, ఏళ్లు గడిస్తే పసుపు మచ్చ మిగులుతుంది. స్టాప్లర్ పిన్నులు, గుండుసూదులు వానాకాలంలో తుప్పు దింపుతాయి. బట్టల బీరువాలో వేసే డాంబర్ గోళీలు, అమ్మమ్మ కాలం వేపాకు కూడా ఉత్తరాల మధ్య పెట్టొద్దు, ఆకు మరక పడుతుంది. యాసిడ్ లేని కాగితపు ఫోల్డరు, లేదా పీవీసీ కాని పాలియెస్టర్ కవరు వాడండి. బీరువాను గోడకు ఓ జానెడు దూరం జరపండి, చెదలు వస్తే కంటికి కనబడాలి. కింది అర ఖాళీగా వదిలేయండి. మా ఆవిడ "ఈ కాగితాలకున్న వైభోగం నాకు లేదు" అంటుంది. కాదనలేను.

వానాకాలంలో కొత్తగా కొనేవాళ్లకు రెండు మాటలు. కొరియర్ వాళ్లు గేటు దగ్గర పడేసి వెళ్లకుండా ఆఫీసు అడ్రసు ఇవ్వండి. పార్సిల్ రాగానే కత్తెర పట్టొద్దు, ఒక రోజు గదిలో అలాగే ఉంచి తర్వాత విప్పండి. నకిలీల బెడద ఎక్కువగా పెద్ద పేర్ల దగ్గరే. నెల్సన్ 1797 జులైలో స్పెయిన్ దీవి టెనెరిఫ్ మీద దాడిలో గాయపడి కుడి చెయ్యి పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత రాసినవన్నీ ఎడమ చేతి రాతే. అంతకు ముందటి కుడి చేతి రాతతో 1801 ఉత్తరం చూపిస్తే దణ్ణం పెట్టి వచ్చేయండి. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి నీటిగుర్తు (వాటర్‌మార్క్) చూడండి. 1794 తర్వాతి ఇంగ్లిష్ కాగితాల్లో చాలావాటికి తయారీ సంవత్సరం ఉంటుంది. 1811 గుర్తున్న కాగితం మీద ట్రఫాల్గర్ నౌకాయుద్ధానికి ముందు, అంటే 1805లో, ఎవరూ రాయలేరు. భూతద్దంలో నిజమైన కలం గీతకు అంచులు ముదురుగా కనిపిస్తాయి, అచ్చు నకలుకు అంతా ఒకటే రంగు. మధ్యధరా నుంచి వచ్చిన ఉత్తరానికి కత్తి గాట్లుంటే పాడైపోయిందని బేరమాడకండి. అంటురోగాల భయంతో పొగ పట్టించడానికి క్వారంటీన్ స్టేషన్లలో వేసిన గాట్లు అయ్యుండొచ్చు. అవి ఉన్నందుకే ఎక్కువ ధర పెట్టేవాళ్లున్నారు.

అమ్మే ఉద్దేశం ఉంటే చట్టం కూడా గుర్తుంచుకోండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం చారిత్రక విలువ ఉన్న, 75 ఏళ్లు నిండిన చేతిరాత పత్రాలు పురావస్తువుల కిందికి వస్తాయి. మామూలు వ్యక్తులు విదేశాలకు పంపడానికి వీల్లేదు. ప్రభుత్వ ఆఫీసు ముద్ర, ఫైలు నంబరు ఉన్నవి ఎంత చవకగా వచ్చినా కొనకండి.

ఇంత చేసినా ఏదో ఒక ముసురు రోజున కప్పు కారనే కారుతుంది. తడిసిన ఉత్తరాన్ని రుద్దొద్దు, ఎండలో పెట్టొద్దు, ఇస్త్రీ అసలే వద్దు. రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఉత్తరాల్లో ఫౌంటెన్ పెన్ను నీలం సిరా ఉంటే అది తడికి తేలిగ్గా కరుగుతుంది, కాబట్టి పైన కాగితం అద్దకండి. కింద బ్లాటింగ్ పేపర్ పరిచి, ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా ఆరనివ్వండి. ఒకేసారి ఎక్కువ ఉత్తరాలు తడిస్తే రెండు రోజుల్లో బూజు పడుతుంది. అందుకని ఆరబెట్టగలిగినవి ఉంచుకుని, మిగతావాటి మధ్య బటర్ పేపర్ పెట్టి జిప్ కవర్లో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. వానలు తగ్గాక నిదానంగా, కాగితం పని తెలిసినవాళ్ల సలహాతో బయటికి తీయొచ్చు. మా ఫ్రిజ్‌లో బఠాణీల పక్కన పోయినేడు ఒక లెఫ్టినెంట్ ఉత్తరాలు మూడు నెలలున్నాయి. మా ఆవిడ ఆ కవరు మీద పెద్ద అక్షరాలతో "కూర కాదు" అని రాసి పెట్టింది.