దుప్పుల కోసం చెట్లు – మూడో పాఠం: రాల్చే ఉసిరి, పట్టుకునే ఉసిరి

పోయిన పాఠంలో మీకొక పని చెప్పాను. అడవి అంచున దుప్పులు మధ్యాహ్నం పూట పడుకునే నీడ ఎక్కడుందో వెతికి, అక్కడి నేల చూసి రమ్మన్నాను. చూసి వచ్చినవాళ్లకు ఈ పాఠం సులువుగా అందుతుంది.

మహారాష్ట్రలోని మా సిరోంచ వైపు ప్రాణహిత నది ఒడ్డు ఒర్రెల్లో, జనవరిలో అలాంటి నీడన కూర్చుంటే చేతికి ఉసిరి గింజలు తగులుతాయి. పెద్ద శనగగింజంత, ఒంటి మీద ఆరు గీతలు, కండ అన్నది లేకుండా నున్నగా కడిగినట్టు ఉంటాయి. ఒక్కోచోట గుప్పెడు దొరుకుతాయి. తల ఎత్తి చూస్తే పైన ఉసిరిచెట్టు ఉండదు. దుప్పి చెట్టు కింద కాయల్ని గబగబా మింగేసి, నీడకొచ్చి తీరిగ్గా నెమరేస్తుంది. గట్టి గింజను అప్పుడు నోట్లోంచి వదిలేస్తుంది. మా దగ్గర ఉసిరి విత్తనాన్ని అడవంతా చల్లేది ఎక్కువగా దుప్పే. అందుకే దుప్పుల కోసం మొదట నాటాల్సిన చెట్టు ఉసిరి అని నేను గట్టిగా చెబుతాను.

అయితే ఏ ఉసిరి?

ఇలా రకం ఎంచడం నేను నేర్చుకున్నది చలిదేశాల ఆపిల్ తోటల గురించి చదివి. అక్కడ జింకల కోసమని కొందరు ఆపిల్ చెట్లు పెడతారు. వాళ్లు ముందుగా చూసేది చెట్టు చలికాలం దాటుతుందా లేదా అని. రష్యా నుంచి వచ్చిన అంటొనోవ్కా అనే ఆపిల్ రకం సున్నాకు 40 డిగ్రీలు దిగువ చలిలోనూ బతుకుతుంది కాబట్టి దాన్ని వేరుమొక్కగా, అంటే వేరే రకాన్ని అంటు కట్టే అడుగు మొక్కగా వాడతారు. ఆ తర్వాత చూసేది కాయ ఎప్పుడు రాలుతుందని. డాల్గో లాంటి చిన్నకాయ రకం త్వరగా రాలుస్తుంది, మిన్నెసోటా విశ్వవిద్యాలయం 1922లో ఇచ్చిన హారల్సన్ ఆలస్యంగా పండుతుంది. రెండూ కలిపి పెడితే జింకకు ఎక్కువ కాలం మేత. అక్కడ చాలామంది పెట్టేది వేట కోసం. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, మనం పెట్టేది చూసుకోవడానికి, అడవికి విత్తనం చేరడానికి. లెక్క మాత్రం అదే లెక్క.

మనకు చలి బాధ లేదు, ఎండ బాధ ఉంది. మేలో సిరోంచ ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఉసిరి దానికి చేసే ఉపాయం చూడండి: వసంతంలో పూస్తుంది, పిందె పడుతుంది, కానీ ఆ పిందె ఎండాకాలమంతా పెరగకుండా నిద్రపోతుంది. వానలు పడ్డాకే కాయ ఊరడం మొదలవుతుంది. ఆపిల్ చలిలో నిద్రపోయినట్టు మన ఉసిరి ఎండలో నిద్రపోతుందన్నమాట. ఇది తెలిశాక నాకు ఆ చెట్టంటే ఎంత గౌరవం పెరిగిందో! కాబట్టి ఎండను తట్టుకుంటుందా అన్న మొదటి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. మిగిలింది రాలే కాలం.

నర్సరీల్లో దొరికే రకాల్లో మూడింటిని గుర్తుపెట్టుకోండి. బనారసీ అన్నిటికన్నా ముందు, అక్టోబర్, నవంబర్ నెలల్లో తయారవుతుంది, కాయ బాగా రాలుస్తుంది. ఫైజాబాద్ నరేంద్రదేవ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇచ్చిన ఎన్‌ఏ–7 నవంబర్, డిసెంబర్‌లలో వస్తుంది. చకయ్య అన్నిటికన్నా ఆలస్యం, కాయను కొమ్మకే పట్టుకుని జనవరి దాకా ఉంచుతుంది. తోట రైతు బనారసీని వద్దంటాడు. నేను రెండు మొక్కలు తెచ్చినప్పుడు మా పక్క చెలక పెద్దనాయన అడిగాడు: "రాలిన కాయ మార్కెట్ల ఎవడు కొంటడు బిడ్డా?"

"దుప్పి కొంటది పెద్దనాయనా" అన్నాను.

మార్కెట్‌కు లోపమైనదే దుప్పికి మేలు. ఈ పాఠంలో ఇంకేది మరిచినా ఈ ఒక్కటి మరవకండి. కాయ ఎంత పెద్దది, ఎంత నిగనిగలాడుతోంది అన్నవి మనకు లెక్కలోకి రావు. నా మాట అడిగితే, తోటరకాల పెద్ద కాయకన్నా గోలీ అంత ఉండే అడవి ఉసిరే దుప్పి నోటికి సులువు. పది చెట్లు పెట్టేవాళ్లు ఏడు అడవి ఉసిరి, రెండు బనారసీ, ఒక చకయ్య పెట్టండి. చకయ్య తనంతట తాను తొందరగా రాల్చదు, కొండముచ్చులు కొమ్మలెక్కి సగం కొరికి పడేస్తాయి. ఆ చప్పుడు వింటే దుప్పులు పరిగెత్తుకొస్తాయి.

నేను చేసిన తప్పు చెబుతాను. మొదటిసారి ఒక నర్సరీ నుంచి ఎనిమిది మొక్కలు తెచ్చాను, ఎనిమిదీ ఎన్‌ఏ–7. చెట్లు ఏపుగా పెరిగాయి, కొమ్మలనిండా పూత. కాయలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఉసిరి తన పుప్పొడితో తాను సరిగా కాయ కట్టదు, ఆపిల్ లాగే దానికి వేరే రకం తోడు కావాలి. ఈ సంగతి నాకు అమ్మినవాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. మూడేళ్లు పోయాయి. విత్తనంతో మొలిచిన అడవి ఉసిరి ఒక్కో చెట్టు ఒక్కో రకమే కాబట్టి, వాటిని మధ్యలో కలిపితే ఆ చిక్కు తీరుతుంది.

అడవి ఉసిరి కోసం నర్సరీకి పోవద్దు. జనవరిలో ముదిరిన కాయలు ఏరి ఎండలో పోస్తే కండ ఎండి, గింజ దానంతట అదే పగులుతుంది. లోపలి విత్తనాలను నీళ్లలో వేసి తేలినవి పారబోయండి, మునిగినవి ఆరబెట్టి పొడి కుండలో దాచండి. తొలకరికి చెట్టు ఉండాల్సిన చోటే గుంటకు నాలుగు విత్తండి, బలమైనదొకటి ఉంచండి. సంచిలో పెంచి నాటిన మొక్కకు తల్లివేరు వంకర తిరుగుతుంది. విత్తిన చోటే మొలిస్తే వేరు నేరుగా లోతుకు పోయి మే నెల ఎండకు నిలబడుతుంది.

కంచె సంగతి వచ్చే పాఠంలో వివరంగా చెబుతాను. ఒక్కటి ఇప్పుడే: దుప్పి కాయ కోసం ఆగదు, లేత మొక్కను ఆకుతోనే తినేస్తుంది. కాస్త ఎదిగాక మగది కొమ్ములు రాసి బెరడు ఒలుస్తుంది. అయిదడుగుల ఎత్తు వరకు రేగు కంప చుట్టాల్సిందే.

చోటు విషయంలో మొహమాటం వద్దు. మిర్చి, పత్తి చేన్ల పక్కన పెట్టకండి. కాయకు వచ్చిన దుప్పి చేనులో దిగితే నష్టం పక్కవాళ్లకు. ఊరి కుక్కలు తిరిగే దారిలోనూ వద్దు. అడవి వైపు గట్టు, ఒర్రె దగ్గర, పక్క చెలక వాళ్లను అడిగి వాళ్లు సరేనన్నాకే గుంట తవ్వండి.

ఈ వారం మొదలుపెట్టాల్సిన పని: మీ చుట్టుపక్కల అడవి ఉసిరిచెట్లు అయిదింటికి గుడ్డపీలిక కట్టి, ఒక్కోదాని కింద రాలిన కాయలు ప్రతి ఆదివారం, గురువారం లెక్కపెట్టి రాసుకోండి. ఏది ముందు రాల్చడం ఆపిందో, ఏది చివరిదాకా రాల్చిందో తేదీతో సహా కావాలి. విత్తనం ఆ చివరి చెట్టు నుంచే తీస్తాం.